జీను మీద వేసే సీటు కవరు: జెల్ మంచిదా, గొర్రెతోలు మంచిదా?

ఉదయస్వారి
స్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున మైదానంలో తిరిగినంత కాలం నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఈమధ్య మూడు నాలుగు గంటల దూరపు స్వారీలకు వెళ్తున్నాను. రెండో గంట సగం గడిచేసరికి కుడి పిరుదు కింద ఎముక దగ్గర మంట మొదలవుతోంది, లోతొడలు కందిపోతున్నాయి, గుర్రం దిగిన తరువాత రెండు రోజుల పాటు తోక ఎముక నొప్పి పెడుతోంది. నాది ఇంగ్లీషు తరహా జీను. ఒకరు వాడినదాన్ని కొన్నాను, సీటు 17 అంగుళాలు, తోలు బాగా గట్టిపడింది. మెత్తటి సీటు కవరు ఒకటి వేసుకుందామని చూస్తే జెల్, గొర్రెతోలు, మెమరీ ఫోమ్, నియోప్రీన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) అంటూ చాలా రకాలు కనిపిస్తున్నాయి. అడిగిన ప్రతి ఒక్కరూ తాము కొన్నదే మంచిదంటున్నారు. దేనికి ఏది పనికివస్తుందో కారణంతో సహా ఎవరైనా చెప్పగలరా?

గాలిగుర్రం
జెల్ తీసుకోండి. నేను మూడేళ్లుగా వాడుతున్నాను. ఎముకల కింద పడే బరువును అది నలువైపులా పరుస్తుంది, మందం తక్కువ కాబట్టి గుర్రం వీపు కదలిక కూడా మనకు తెలుస్తూనే ఉంటుంది.

దూరస్వారి
గాలిగుర్రం గారి అనుభవాన్ని కాదనను. అయితే గంట స్వారీకి సరిపోయేది నాలుగు గంటల స్వారీకి సరిపోతుందన్న నమ్మకం లేదు. ఒకే రోజున 160 కిలోమీటర్లు సాగే ఎండ్యూరెన్స్ పందేలలో పాల్గొనేవారి జీనులను గమనించండి, వాటిలో చాలావాటి మీద గొర్రెతోలు కనిపిస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం వరకు తేమను పీల్చుకుని కూడా ముట్టుకుంటే పొడిగానే అనిపిస్తుంది, పోగుల మధ్య గాలి ఆడుతుంది. జెల్‌కు ఆ గుణం లేదు. చెమట దాని మీదే నిలిచిపోతుంది, తడిసిన చర్మమే ముందుగా ఒరుసుకుపోతుంది.

కళ్ళెం77
గొర్రెతోలు మీద నా అనుభవం అంత గొప్పగా లేదు. వానలో తడిస్తే ఆరడానికి రెండు రోజులు పట్టింది. పల్లేరుకాయలు, గడ్డి ముళ్లు పట్టుకుంటే ఒక్కొక్కటిగా తీయాల్సి వచ్చింది. పైగా అది మనిషిని పట్టేసుకుంటుంది. ట్రాట్‌లో, అంటే గుర్రం దుడుకు నడకలో, లేచి కూర్చునేటప్పుడు కాస్త ముందుకో వెనక్కో జరగాలంటే జరగనివ్వలేదు.

దూరస్వారి
ఆ పట్టు దూరపు స్వారీలో మేలే చేస్తుంది కళ్ళెం77 గారూ. జారుతూ ఉండే సీటు మీద తొడలతో బిగించి కూర్చోవలసి వస్తుంది. ఆ బిగింపు వల్లనే మూడో గంటకు మనిషి అలసిపోతాడు.

జీనుకుట్టు
ఏ కవరు కొనాలో తేల్చేముందు ఉదయస్వారి గారు ఒక విషయం చూసుకోవాలి. జీనులు బాగుచేయడం నా వృత్తి. నొప్పికి కవరు కావాలంటూ వచ్చేవారిలో చాలామందికి అసలు కారణం జీనులోనో, అది గుర్రం మీద కూర్చున్న తీరులోనో ఉండటం నేను చూస్తూ ఉంటాను. మీరు చెప్పిన మూడు బాధలు మూడు వేర్వేరు చోట్లవి, వాటికి ఒకే మందు ఉండకపోవచ్చు.

మొదటిది, నొప్పి కుడివైపే ఎందుకు వస్తోంది? పాదం పెట్టే రికాబులు వేలాడే రెండు పట్టీలనూ విప్పి, పక్కపక్కన పరిచి కొలవండి. ఎడమవైపు నుంచే ఎక్కుతాం కాబట్టి కాలం గడిచేకొద్దీ ఆ తోలుపట్టీ సాగుతుంది. రెండు వైపులా ఒకే చిల్లులో బిగించినా ఒక రికాబు పొడవుగా, ఇంకొకటి పొట్టిగా ఉంటాయి. అప్పుడు నడుము ఒక పక్కకు ఒరిగి, బరువంతా ఒకే ఎముక మీద పడుతుంది. పట్టీల తరువాత జీను అడుగు దిండ్లను చూడండి. లోపల కూరిన ఉన్ని ఒకవైపు అణిగి ఉంటే జీనే ఆ పక్కకు వాలుతుంది.

రెండోది తోక ఎముక. కింద గుడ్డ ఏదీ వేయకుండా జీనును గుర్రం వీపు మీద పెట్టి, గుర్రాన్ని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, సీటులో ఒక గుండ్రటి పెన్సిలును అడ్డంగా ఉంచండి. అది దొర్లుకుంటూ వెళ్లి ఆగిన చోటే సీటులో అన్నిటికన్నా లోతైన చోటు. అది సీటు నడుమ ఉండాలి. వెనుక అంచు వైపు వెళ్లి ఆగితే జీను వెనక్కి వాలి ఉందని అర్థం. అలాంటి జీనులో ఎంత చక్కగా కూర్చుందామన్నా కటి వెనక్కి తిరిగి, తోక ఎముక తోలుకు తగులుతూనే ఉంటుంది. దాని మీద ఎంత మందం కవరు వేసినా వాలు అలాగే ఉంటుంది.

ఈ రెండూ చూసి వచ్చి చెప్పండి. కవరు సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.

రోజుకోజీను
జీనుకుట్టు గారు చెప్పింది సొంత జీను ఉన్నవారికి సరిపోతుంది. నేను స్వారీ బడి గుర్రాల మీద నేర్చుకుంటున్నాను. ఈ రోజు ఎక్కిన జీను రేపు దొరకదు, దాన్ని విప్పి బాగుచేయించే హక్కు నాకు లేదు. నాలాంటి వారికి కవరు తప్ప వేరే దారి ఏముంది? దాన్ని చంకన పెట్టుకుని వెళ్లి, ఏ జీను ఇస్తే దాని మీద వేసుకుంటాను. నొప్పి పూర్తిగా పోకపోయినా సగమైనా తగ్గుతోంది. అందరికీ ముందు జీను బాగుచేయించుకోమని చెప్పడం న్యాయంగా అనిపించడం లేదు.

జీనుకుట్టు
మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను సొంత జీను ఉన్న ఉదయస్వారి గారికే చెప్పాను. బడి గుర్రాల మీద స్వారీ చేసేవారు పల్చటి కవరును, ఏ జీనుకైనా నిమిషంలో తగిలించగలిగే దాన్ని ఎంచుకోవాలి. అయినా రికాబుల పొడవు సరిచూసుకోవడం మీ చేతిలోనూ ఉంది. ఎక్కిన వెంటనే రెండు పాదాలనూ రికాబుల నుంచి తీసి కాళ్లను వదులుగా వేలాడదీయండి. రికాబు అడుగు రెండు వైపులా చీలమండకు ఒకే ఎత్తులో తగులుతోందో లేదో, నేల మీద ఉన్న మనిషిని ఎదురుగా నిలబడి చూడమనండి.

రోజుకోజీను
ఇది నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. రేపే చూస్తాను.

నర్సురౌతు
ఆసుపత్రిలో మంచాన పడిన రోగులకు ఒరుపు పుండ్లు రాకుండా చూడటం నా ఉద్యోగంలో భాగం, సెలవు రోజుల్లో స్వారీ చేస్తాను. రెండు చోట్లా చర్మానికి జరిగేది ఒకటే. చర్మాన్ని పాడుచేసేవి నాలుగు: ఎముక కింద నిలిచిపోయే ఒత్తిడి, పైన చర్మం ఒకచోట ఆగి లోపలి కండ మరోవైపు లాగబడటం, తేమ, వేడి. ఏ కవరునైనా ఈ నాలుగింటిలో దేన్ని తగ్గిస్తోంది, దేన్ని పెంచుతోంది అని చూస్తే ఇక్కడి వాదన చాలావరకు తేలిపోతుంది.

జెల్ మొదటి రెండింటిని తగ్గిస్తుంది. తేమను, వేడిని ఆపలేదు, ఎండలో నిలబెట్టిన జీను మీదైతే అదే వేడెక్కి కూర్చుంటుంది. ఉన్ని నాలుగింటినీ ఎంతో కొంత తగ్గిస్తుంది. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి మన ఆకారానికి ఒదుగుతుంది, కానీ చలిలో బిరుసెక్కుతుంది, పల్చటిదైతే ఎముక కింద పూర్తిగా అణిగిపోయి ఉన్నా లేనట్టే అవుతుంది. నియోప్రీన్ జారకుండా పట్టి ఉంచుతుంది, గాలిని మాత్రం ఆడనివ్వదు. మంచాన పడిన రోగుల కింద గొర్రెతోలు పరచడం పాత పద్ధతే, ఇప్పటికీ ఉంది.

ఇంకొక మాట. తోక ఎముక కోసం నడుమ రంధ్రం కోసిన కవర్లు కూడా దొరుకుతాయి. వాటిని ఎంచుకునేటప్పుడు జాగ్రత్త పడండి. రంధ్రం ఉన్న చోట ఒత్తిడి తగ్గుతుంది గాని ఆ బరువంతా రంధ్రం అంచు మీదికి చేరుతుంది. అంచు మెల్లగా వాలుతూ పల్చబడి ఉంటే ఫరవాలేదు, నిటారుగా కోసినట్టు ఉంటే కొత్త చోట పుండు తయారవుతుంది.

మొద్దుబారడం, తిమ్మిరి వంటివి స్వారీ తరువాత కూడా తగ్గకుండా ఉంటే కవర్ల కోసం వెతకడం ఆపి వైద్యులను కలవండి.

గాలిగుర్రం
నర్సురౌతు గారి లెక్క చూశాక నాకు జెల్ ఎందుకు సరిపోయిందో అర్థమైంది. నేను ఎప్పుడూ తెల్లవారుజామున, గంటకు మించకుండా స్వారీ చేస్తాను. చెమట పట్టేలోపే దిగిపోతాను.

కొత్తరౌతు
చిన్న సందేహం. గుర్రం వీపు మీద, జీను కింద వేసే మందపాటి గుడ్డను ఇంకొకటి కలిపి వేస్తే మనకు మెత్తగా ఉండదా?

దూరస్వారి
ఉండదు, పైగా గుర్రానికి హాని జరుగుతుంది. జీను కింద వేసేది గుర్రం కోసం, పైన వేసేది మన కోసం. సరిగ్గా అమరిన జీను కింద ఇంకో పొర దూర్చడం, కొలతకు కుట్టిన చెప్పులో మందపాటి మేజోళ్లు రెండు జతలు వేసుకున్నట్టు ఉంటుంది. గుర్రం భుజాల దగ్గర జీను బిగుసుకుపోతుంది.

ఉదయస్వారి
జీనుకుట్టు గారు చెప్పినవన్నీ ఈ రోజు చేసి చూశాను. ఎడమ రికాబు పట్టీ కుడిదానికన్నా ఒకటిన్నర సెంటీమీటర్లు పొడవుగా ఉంది. ఇన్నాళ్లూ అది నా కంటపడనందుకు బాధగా ఉంది. పెన్సిలు సీటు నడుమ ఆగలేదు, వెనుక అంచుకు నాలుగు వేళ్ల దూరం దాకా దొర్లింది. అడుగు దిండ్లను చేత్తో తడిమి చూస్తే వెనుక భాగం చప్పబడి, గడ్డలు గడ్డలుగా తగిలింది.

జీనుకుట్టు
అయితే మీ తోక ఎముక నొప్పికి కారణం దొరికినట్టే. వెనుక భాగంలో ఉన్ని తీసి కొత్తగా కూరిస్తే సీటు సమమవుతుంది. దానివల్ల గుర్రం వీపుకు కూడా మేలు, గడ్డలు కట్టిన దిండ్లు దాన్ని కూడా బాధిస్తూ ఉండి ఉంటాయి. కొత్తగా కూర్చిన ఉన్ని కొన్ని వారాల స్వారీలో కొంత అణుగుతుంది, అప్పుడు మళ్లీ ఒకసారి పెన్సిలు పెట్టి చూడండి. ఈలోగా రికాబు పట్టీలను అటుదిటు, ఇటుదటు మార్చి, పొడవు కొలిచి, అవసరమైతే ఒకదానికి అదనపు చిల్లు వేయించండి. ఇకముందు నెలకు ఒకసారి ఆ రెండింటినీ మార్చుకుంటూ ఉండండి. ఎక్కేటప్పుడు నేల మీద నుంచి కాక ఎత్తు పీట మీద నుంచి ఎక్కితే పట్టీ అంతగా సాగదు, కవరు కూడా పక్కకు లాగుకుపోదు.

ఇప్పుడు కవరు. మీకు మిగిలింది ఎముక కింద మంట, లోతొడల ఒరుపు. దూరస్వారి గారు అన్నట్టు మీకు గొర్రెతోలే తగినదనిపిస్తోంది. కాని కొనేముందు మీ సీటు కొలత చూడాలి. ఇంగ్లీషు జీనులో ముందు ఎత్తు పక్కన ఉండే మేకు తల నుంచి వెనుక ఎత్తు నడిమి దాకా కొలిచేది సీటు కొలత. కవరు లేకుండా కూర్చున్నప్పుడు మీ వెనుక ఎంత చోటు మిగులుతోంది?

ఉదయస్వారి
అరచేయి అడ్డంగా పెడితే సరిగ్గా పడుతుంది.

జీనుకుట్టు
సరిపోయే సీటుకు ఉండవలసిన చోటు అదే. మందపాటి కవరు వెనుక ఎత్తు మీదికి కూడా ఎక్కుతుంది కాబట్టి ఆ చోటులో కొంత తినేస్తుంది. మీరు 30 మిల్లీమీటర్ల ఉన్ని వేసుకుంటే 17 అంగుళాల సీటు ఇరుకవుతుంది, మిమ్మల్ని ముందు ఎత్తు మీదికి నెడుతుంది. 20 మిల్లీమీటర్లకు కత్తిరించిన, పోగులు ఒత్తుగా ఉన్న తోలు చాలు. చేతితో నొక్కి చూసినప్పుడు ఉన్ని విడిపోయి కింది తోలు కనిపిస్తే అది పలచన, వద్దు. పొడవుగా ఉన్నంత మాత్రాన మెత్తన కాదు, ఒత్తుగా ఉన్నదే బరువును మోస్తుంది.

కళ్ళెం77
నేను కొన్నది సరిగ్గా ఆ రకమే, పొడవాటి పలచటి ఉన్ని. రెండు నెలల్లో పిరుదుల కింద రెండు బట్టతలల్లా అయిపోయింది. నేను తోలును తప్పుపట్టాను గాని తప్పు ఎంపికలో ఉందన్నమాట.

ఉన్నిదారం
జంతు చర్మం వాడటం నాకు ఇష్టం లేదు. కృత్రిమ ఉన్ని కవరు వాడుతున్నాను. అది నిజమైన ఉన్నిలా తేమను పీల్చుకోదు, త్వరగా చదునైపోతుంది. అయినా యంత్రంలో ఉతకవచ్చు, గంటల్లో ఆరిపోతుంది, రెండు గంటల స్వారీ వరకు నాకు ఏ బాధా లేదు. ఆ పైన సాగే స్వారీకి మాత్రం లోపల కుట్లు లేని లోదుస్తులు వేసుకుంటాను. లోతొడలు కందిపోవడానికి నా విషయంలో కారణం జీను కాదు, లోదుస్తుల కుట్టు. ఉదయస్వారి గారు ఆ కోణం కూడా చూసుకోవాలి.

మరొక మాట. నిజమైన ఉన్ని అని చెప్పి అమ్మేవాటిలో తోలు వెనుకభాగం లేకుండా అల్లిన గుడ్డ మీద ఉన్ని కుట్టినవి కూడా ఉంటాయి. అవి చెడ్డవని అనను గాని, తోలు మీద సహజంగా మొలిచిన ఉన్ని కన్నా ముందుగా రాలిపోతాయి. కవరును తిప్పి వెనుక చూస్తే తేడా తెలుస్తుంది. అసలు ఉన్నేనా అన్న అనుమానం ఉంటే రెండు పోగులు తీసి, దూరంగా పట్టుకుని కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. కృత్రిమమైతే కరిగి గట్టి పూసలా తయారవుతుంది.

జీనుకుట్టు
కవరు తగిలించే తీరు గురించి ఎవరూ మాట్లాడలేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది అదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఇంగ్లీషు జీనులో రికాబు పట్టీ ఒక ఇనుప కడ్డీకి వేలాడుతుంది. మనిషి పడిపోయి పాదం రికాబులో ఇరుక్కుంటే, ఆ పట్టీ కడ్డీ మీద నుంచి వెనక్కి జారి ఊడిపోయేలా దాన్ని అమర్చారు. కవరు రెక్క గాని, దాని సాగే పట్టీ గాని ఆ కడ్డీ నోటికి అడ్డం పడితే రికాబు ఊడదు, గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. కవరు వేసిన ప్రతిసారీ రికాబు పట్టీని చేత్తో వెనక్కి లాగి, అది సులువుగా జారివస్తోందో లేదో పరీక్షించండి. జారకపోతే ఆ కవరు ఎంత మెత్తనిదైనా మీ జీనుకు పనికిరాదు.

రెండోది, సాగే పట్టీలు జీను రెక్కల లోపలి నుంచి పోవాలి, అడుగు దిండ్లకూ గుర్రం వీపుకూ మధ్య నుంచి పోకూడదు. అక్కడ ఒక చిన్న బకిల్ ఉన్నా మీ బరువంతా దాని మీదుగా గుర్రానికి గుచ్చుకుంటుంది.

మూడోది, కవరు వేసి కూర్చుంటే మీరు కొంచెం ఎత్తుకు లేస్తారు, రికాబులు పొడవైనట్టు అనిపిస్తాయి. అర చిల్లు పొట్టి చేసుకోవలసి రావచ్చు. తొడల కింద కూడా ఉన్ని ఉండే పూర్తి కవరు అయితే కాళ్లు గుర్రానికి కాస్త దూరమై, సంకేతాలు ఆలస్యంగా అందుతాయి. మీకు తొడల ఒరుపు ఉంది కాబట్టి పూర్తి కవరు మీద మనసు పోతుంది. ముందు సీటు వరకే ఉన్నదాన్ని వాడి, సరిపోకపోతే రెండోదానికి వెళ్లండి.

కొమ్ముజీను
నాది ముందు కొమ్ము ఉన్న వెస్టర్న్ జీను. ఇవే మాటలు దానికీ వర్తిస్తాయా?

దూరస్వారి
చాలావరకు వర్తిస్తాయి. వెస్టర్న్ కవరును కొమ్ము చుట్టూ, వెనుక ఎత్తు చుట్టూ కట్టే విధంగా కోస్తారు, ఇంగ్లీషు జీనుకు కుట్టినది దానికి సరిపోదు. కొలతలో కూడా తేడా ఉంది. ఒకే మనిషికి వెస్టర్న్ సీటు, ఇంగ్లీషు సీటు కన్నా సుమారు రెండు అంగుళాలు తక్కువ అంకెతో ఉంటుంది. కూర్చున్నప్పుడు తొడకూ ముందు ఉబ్బుకూ మధ్య నాలుగు వేళ్ల చోటు కవరు వేశాక కూడా మిగులుతోందో చూసుకోండి.

కళ్ళెం77
పోటీల్లో పాల్గొనేవారు నియమావళి చదువుకుని కొనండి. కొన్ని విభాగాల్లో సీటు కవరును అనుమతించరు. ఇంటి దగ్గర దానికే అలవాటు పడి, పోటీ రోజున ఉత్త తోలు మీద కూర్చుంటే మనం కూర్చునే తీరే మారిపోతుంది.

గాలిగుర్రం
కవరు కింద జీను తోలును కూడా మరచిపోకండి. కవరుకూ తోలుకూ మధ్య చేరిన ఇసుక గీతలు పెడుతుంది, తడి కవరును అలాగే వదిలేస్తే తోలుకు బూజు పడుతుంది. ముదురు రంగు కవరు తడిస్తే లేత రంగు జీనుకు ఆ రంగు అంటుకుంటుంది. స్వారీ అయిన ప్రతిసారీ కవరు తీసి విడిగా ఆరవేయాలి.

ఉదయస్వారి
ఆరు వారాల తరువాత రాస్తున్నాను. జీను అడుగు దిండ్లను మళ్లీ కూర్పించాను, ఇప్పుడు పెన్సిలు నడుమ ఆగుతోంది. రికాబులు సమమయ్యాయి. కవరు కొనకుండానే మొదటి రెండు వారాలు స్వారీ చేసి చూశాను. తోక ఎముక నొప్పి పూర్తిగా పోయింది. కుడివైపు మంట కూడా సగానికి తగ్గింది, కానీ మూడో గంటలో రెండు వైపులా సమానంగా మొదలైంది. అప్పుడు 20 మిల్లీమీటర్ల గొర్రెతోలు కవరు, సీటు వరకే ఉన్నది, తీసుకున్నాను. మొదట తెచ్చిన దాని రెక్క రికాబు కడ్డీకి అడ్డం పడింది. జీనుకుట్టు గారు చెప్పకపోయి ఉంటే నాకు తెలిసేది కాదు. దాన్ని తిరిగి ఇచ్చేసి వేరే కోత ఉన్నది తెచ్చుకున్నాను.

కొత్త కవరును ముందు గుర్రానికి వాసన చూపించి, కంచె లోపల అరగంట నడిపించి, ఆ తరువాతే బయటికి తీసుకెళ్లాను. మొన్న నాలుగు గంటలు తిరిగి వచ్చాను. గంటకొకసారి దిగి పది నిమిషాలు గుర్రంతో పాటు నడిచాను కూడా. ఎముకల కింద మంట లేదు. లోతొడలు మాత్రం ఇంకా కొద్దిగా కందుతున్నాయి, ఉన్నిదారం గారు చెప్పినట్టు ఈసారి లోదుస్తులు మార్చి చూస్తాను. ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే, దీన్ని ఉతకడం ఎలా?

దూరస్వారి
మాటిమాటికీ ఉతకవద్దు. ఆరిన తరువాత దులిపి, తీగ పళ్ల బ్రష్‌తో ఉన్నిని పైకి దువ్వితే అణిగిన పోగులు లేస్తాయి. నిజంగా మురికి పట్టినప్పుడు 30 డిగ్రీలకు మించని నీటిలో, గొర్రెతోలు కోసమే చేసిన సబ్బుతో ఉతకండి. మామూలు బట్టల పొడిలో మరకలు తీయడానికి కలిపే ఎంజైములు ప్రోటీన్‌ను కరిగిస్తాయి, ఉన్ని ప్రోటీనే కాబట్టి పోగులు పెళుసెక్కుతాయి.

నర్సురౌతు
వైద్యానికి వాడే గొర్రెతోళ్లను ఎక్కువ వేడి నీటిని తట్టుకునేలా పదును చేస్తారు, అవి లేత పసుపు రంగులో ఉంటాయి. మీది ఆ రకమా కాదా అన్నది చీటీ మీద చూసుకోండి. కాకపోతే దూరస్వారి గారు చెప్పిన 30 డిగ్రీలే పాటించండి.

జీనుకుట్టు
ఉతికాక ఎండలోనో పొయ్యి దగ్గరో ఆరవేయకండి, తోలు అట్టలా బిగుసుకుపోతుంది. నీడలో చదునుగా పరచి, సగం ఆరినప్పుడు ఒకసారి, ముప్పాతిక ఆరినప్పుడు ఇంకొకసారి చేతులతో నలువైపులకూ మెల్లగా లాగండి. పూర్తిగా ఆరేవరకు జీను మీద వేయవద్దు. మళ్లీ తగిలించిన రోజున రికాబు పట్టీని వెనక్కి లాగి చూడండి, ఉతికాక సాగే పట్టీలు కొంచెం జరిగి ఉంటాయి.

ఉదయస్వారి
అలాగే చేస్తాను. రోజుకోజీను గారూ, మీ రికాబులు ఎలా ఉన్నాయో చూశారా?

రోజుకోజీను
చూశాను. గత నెలలో ఎక్కిన అయిదు జీనుల్లో మూడింటికి ఎడమ పట్టీ పొడవుగా ఉంది. మా శిక్షకురాలికి చూపించాను. మరునాడే అన్ని జీనుల పట్టీలనూ విప్పించి కొలిపించారు.